మల్లయ్య పేరు దగ్గర ఆగిన ప్రోగ్రామ్: పైథాన్ సాయం కోసం 17 రోజులు, నా అనుభవం

2025 ఫిబ్రవరి 9, ఆదివారం రాత్రి, పైథాన్ అనే కంప్యూటర్ భాషలో నేను రాసిన ప్రోగ్రామ్ ఆగిపోయింది. మళ్లీ నడిచింది శివరాత్రి జాగారం నాడు, అర్ధరాత్రి దాటి రెండున్నరకు. ఈ 17 రోజుల్లో ముక్కూ మొహం తెలియనివాళ్లను మూడు చోట్ల సాయం అడిగాను. 300 రూపాయలు పోగొట్టుకున్నాను, ఒకరోజు ఏడ్చాను, ఒక పెద్ద తప్పు కూడా చేశాను. కోడింగ్ కొత్తగా నేర్చుకుంటూ ఆన్‌లైన్‌లో అడగాలంటే జంకేవాళ్లు, ముఖ్యంగా నాలాగా ఇంగ్లిష్ అంతంతమాత్రంగా వచ్చినవాళ్లు ముందే తెలుసుకుంటే మంచిదని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో కంప్యూటర్ ఆపరేటర్‌ని. మిర్చి సీజన్‌లో పొద్దున 7 నుంచి సాయంత్రం దాకా తక్‌పట్టీలు (రైతు సరుకు అమ్మకం లెక్క చీటీలు) ఎక్సెల్‌లో ఎక్కించడమే నా పని. రైతు పేరు, ఊరు, బస్తాలు, తూకం, ధర, ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా. పేర్లు తెలుగులోనే కొడతాను, ఎందుకంటే మా పెద్ద గుమస్తా కాకకు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటే చదవబుద్ధి కాదు. రోజుకో ఫైలు. ఫిబ్రవరి మొదటి వారానికే 27 ఫైళ్లయ్యాయి. ఏ రైతైనా వచ్చి "ఈ ఏడు నేను మొత్తం ఎన్ని క్వింటాళ్లు తెచ్చిన?" అని అడిగితే కాక ఖాతా పుస్తకాలు ముందేసుకుని అరగంట వెతుకుతాడు. అవతల బయట బండ్లు ఆగి ఉంటాయి, హమాలీలు పిలుస్తుంటారు. ఆ అరగంట తగ్గిద్దామనే నేను ప్రోగ్రామ్ మొదలుపెట్టింది. ఎవరూ అడగలేదు, జీతంలో అదనంగా రూపాయి వచ్చేదీ లేదు. 2024లో నక్కలగుట్టలో ఒక ఇన్‌స్టిట్యూట్‌కు 12,000 ఫీజు కట్టి మూడు నెలలు పైథాన్ నేర్చుకున్నాను. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ 18,500 పెట్టి కొన్నాను. అంత ఖర్చు పెట్టి నేర్చుకున్నది ఒక్క పనికైనా రావాలని నాకు గట్టిగా ఉండేది.

ఆ ఆదివారం దేశాయిపేటలో మా ఇంట్లో కూర్చుని ముందు చిన్న పరీక్ష చేశాను. నోట్‌ప్యాడ్‌లో నా ముగ్గురు స్నేహితురాళ్ల పేర్లు కొట్టాను: కవిత, సరిత, గీత. పక్కన ఏవో తూకాలు. ప్రోగ్రామ్ నడిచింది, కూడిక సరిగానే వచ్చింది. పేర్లు మాత్రం తెలుగులో కాకుండా నెత్తిన గీతలున్న ఏవో పిచ్చి అక్షరాలుగా కనిపించాయి. ప్రోగ్రామ్ ఫలితం చూపే ఆ నల్ల తెరకు తెలుగు రాదు కాబోలు, ఫాంట్ సమస్య అనుకుని వదిలేశాను. అక్కడే ఆగి ఆలోచించాల్సింది. జవాబు అప్పటికే నా కళ్లముందు ఉంది.

తర్వాత ఎక్సెల్ నుంచి సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన మామూలు అక్షరాల ఫైలుగా సేవ్ చేసిన దుకాణం ఫైలు పెట్టాను. 212 వరుసలు. ఒక్క పేరు కూడా రాకముందే ఎర్ర అక్షరాలు. చివరి లైనులో 8డి అనే బైట్‌ను (ఫైలులో దాచిన ఒక చిన్న అంకెను) డీకోడ్ చేయలేకపోతున్నానని, అంటే అక్షరంగా మార్చలేకపోతున్నానని, క్యారెక్టర్ మ్యాప్స్ టు అన్‌డిఫైన్డ్ (దీనికి అక్షరం లేదు) అని ఉంది. ముగ్గురి పేర్లతో నడిచింది, 212 మందితో నడవలేదు. ఫైలు పెద్దదయినందుకేమో అనుకున్నాను. రాత్రి 11 నుంచి ఒంటిగంట దాకా ఏవేవో మార్చి చూశాను. ఏం మార్చానో నాకే గుర్తులేకుండా పోయింది.

సోమవారం మధ్యాహ్నం, బువ్వ తినే టైములో, మా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చేర్చిన టెలిగ్రామ్ గ్రూపులో పెట్టాను. అందులో దాదాపు 4,000 మంది ఉన్నారు. నేను రాసింది ఇంతే: "అర్జెంట్ హెల్ప్ ప్లీజ్ సర్. పైథాన్ ఎర్రర్ వస్తుంది. ఎవరికైనా తెలుసా?" కింద ల్యాప్‌టాప్ తెరను ఫోన్‌తో తీసిన ఫొటో. ట్యూబ్‌లైట్ వెలుగు సరిగ్గా ఎర్రర్ చివరి లైను మీద పడింది. ఇప్పుడు చూస్తే నాకే చదవరాదు.

26 గంటలు ఎవరూ పలకలేదు. మంగళవారం సాయంత్రం ఒకరు ఒక్క మాట రాశారు, ఎర్రర్స్ దగ్గర ఇగ్నోర్ (తప్పులను పట్టించుకోకుండా వదిలెయ్) అని పెట్టమని. పెట్టాను. ఎర్రర్ పోయింది! ఆ ఆనందంలో మొత్తాలన్నీ ఒక ఫైలులోకి రాయించి బుధవారం దుకాణంలో ప్రింట్ తీసి కాక చేతికిచ్చాను. కాక కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు. "బిడ్డా, లెక్క మంచిగనే ఉన్నట్టుంది. పేర్ల నడుమ ఈ నల్ల గుర్తులేంది?" అన్నాడు. మల్లయ్య అని ఉండాల్సిన చోట మ, ల, నల్ల డైమండ్‌లో ప్రశ్న గుర్తు, మళ్లీ ల, య, ఇంకో ప్రశ్న గుర్తు, య. దాదాపు అన్ని పేర్లూ అంతే. రైతు పేరు అలా రాసిన కాగితం రైతుకెలా ఇస్తాం? కాక ఏమీ అనలేదు, కాగితం మడిచి గల్లాపెట్టె కింద పెట్టాడు. నాకు మాత్రం మొహం చెల్లలేదు.

అదే రోజు రాత్రి టెలిగ్రామ్‌లో ఒకతను విడిగా మెసేజ్ పెట్టాడు. ఐదు నిమిషాల్లో సరిచేస్తానని, 500 అవుతుందని, ముందు 300 పంపమని. పంపాను. అప్పుడు ఫోన్‌లో ఒక యాప్ పేరు చెప్పి, అది ల్యాప్‌టాప్‌లో ఎక్కించి స్క్రీన్ తన చేతికివ్వమన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్లు జలదరించింది. ల్యాప్‌టాప్‌లో దుకాణం ఫైళ్లున్నాయి, నా బ్యాంకు పాస్‌వర్డ్‌లున్నాయి. వద్దన్నాను. వెంటనే బ్లాక్ చేశాడు. 300 పోయాయి. ఆ తర్వాత తెలిసిందేమిటంటే, నిజంగా సాయం చేసేవాళ్లు విడిగా రమ్మనరు, డబ్బు అడగరు, స్క్రీన్ అడగరు. అందరూ చూసే చోటే జవాబు చెబుతారు. తప్పు చెబితే పక్కవాడు సరిదిద్దుతాడు కాబట్టి అడిగినవాళ్లకూ అదే మేలు.

ఫిబ్రవరి 13, గురువారం. ఈసారి ప్రపంచమంతా వాడే ఒక ప్రశ్నల సైట్‌లో పెట్టాను. ముందు తెలుగులో రాసుకుని, ఫోన్‌లో అనువాదం చేయించి, అతికించాను. పెద్ద వ్యాసం. నేనెవరు, ఏ ఊరు, ఇన్‌స్టిట్యూట్‌లో ఏం చెప్పారు, ఎన్ని రోజులుగా బాధపడుతున్నాను, అన్నీ రాశాను. కోడ్ మాత్రం మళ్లీ ఫొటోయే, ఈసారి స్క్రీన్‌షాట్. గంటా పది నిమిషాల్లో ప్రశ్న మూసేశారు. పక్కన ఓట్ల లెక్క మైనస్ 3. కింద రెండు కామెంట్లు. కోడ్‌ను బొమ్మగా కాదు, అక్షరాలుగా పెట్టు అని ఒకటి. ఇది ఇంతకుముందే అడిగిన ప్రశ్న, జవాబు ఫలానా చోట ఉంది అని ఇంకొకటి. ఆ లింకు తెరిచి చూస్తే ఇంగ్లిష్‌లో పదిహేను జవాబులు, ఒక్కొక్కరు ఒక్కో మాట. ఏది నాకు పనికొచ్చేదో తెలియలేదు.

ఆ రాత్రి ఏడ్చాను. మైనస్ 3 అనే అంకె నా తెలివికి వేసిన మార్కులా అనిపించింది. అమ్మ వచ్చి "ఏమైందే?" అంటే తలనొప్పి అన్నాను. ఇప్పుడు నెమ్మదిగా ఆలోచిస్తే ఆ రెండు కామెంట్లలో ఒక్క తిట్టు కూడా లేదు. రెండూ నిజమే. బొమ్మలోంచి కోడ్‌ను ఎవరూ తేలిగ్గా తీసి తమ దగ్గర నడిపి చూడలేరు. పాత ప్రశ్నలో నాకు కావలసిన జవాబు కూడా ఉంది. కాకపోతే ఆ మాటలు చెప్పిన తీరు, ప్రశ్న మీద తాళం వేసినట్టు పడే ఆ ముద్ర, కొత్తవాళ్లను ఎంత కుంగదీస్తాయో అక్కడ ఏళ్లుగా ఉన్నవాళ్లకు గుర్తుండదనుకుంటాను. నాకది అన్యాయం అనిపించింది. ఇప్పటికీ కొంత అనిపిస్తుంది.

తర్వాత పది పన్నెండు రోజులు ల్యాప్‌టాప్ ముట్టలేదు. మార్కెట్‌లో మిర్చి విపరీతంగా దిగుతోంది. తేజ, వండర్‌హాట్, చపాటా, యార్డులో ఎక్కడ చూసినా ఎర్రగా బస్తాలే. ఆ ఘాటుకు గుడ్డ కట్టుకున్నా దగ్గు ఆగదు. కీబోర్డు సందుల్లో ఎర్రటి దుమ్ము చేరి, పొరపాటున ఆ చేత్తో కన్ను నులుముకుంటే పావుగంట కన్నీళ్లు. కాక మాత్రం ఒకరోజు తనంతట తానే అడిగాడు. "నీ మిషన్ లెక్క ఏమైంది బిడ్డా? ఒక్క పేర్లే గదా తప్పు. ఇడిసిపెట్టకు." ఆ మాట నన్ను మళ్లీ కూర్చోబెట్టింది.

ఫిబ్రవరి 26, బుధవారం, మహాశివరాత్రి. సాయంత్రం అమ్మతో హనుమకొండ వేయి స్తంభాల గుడికి వెళ్లాం. దర్శనానికి లైన్లో మూడు గంటలు. ఇంటికొచ్చేసరికి పదిన్నర. అమ్మ, పక్కింటి పెద్దమ్మ జాగారానికి టీవీ ముందు కూర్చున్నారు. ఎట్లాగూ నిద్రపోయేది లేదు కదా అని నేను ల్యాప్‌టాప్ తీశాను. డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్‌లో పైథాన్ నేర్చుకునేవాళ్ల సర్వర్ (గ్రూపు లాంటిది) ఒకటి ఉందని, అక్కడ కొత్తవాళ్లు అడగడానికి వేరే చోటు ఉందని ఒక వీడియోలో విన్నాను. అందులో చేరాను. మనకు అర్ధరాత్రి అయితే అమెరికాలో పగలు, ఐరోపాలో సాయంత్రం. అందుకే ఆ వేళ జనం ఎక్కువగా ఉంటారని తర్వాత అర్థమైంది.

ఈసారి కోడ్‌ను అక్షరాలుగానే అతికించాను. ఎర్రర్ మొత్తం పెట్టాను. ఫైలు ఎలా ఉంటుందో చూపించాలని అందులో మొదటి పది వరుసలు కూడా అతికించాను. సమయం 11:46.

రెండు నిమిషాలకే ఒకరు పలికారు. నా ప్రశ్నకు జవాబు కాదది. "ఇవి నిజమైన మనుషుల బ్యాంకు ఖాతా నంబర్లా? అయితే ముందు తీసేయండి. మిగతాది తర్వాత మాట్లాడదాం."

నా చేతులు వణికాయి. పది మంది రైతుల పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు, ఖాతా నంబర్లు వేలమంది ఉన్న చోట పెట్టేశాను. ఎలా తీసేయాలో కూడా వెంటనే తోచలేదు. తీసేసేసరికి 11:52. ఆరు నిమిషాలు. నేను ఇన్ని రోజులుగా భయపడింది నన్ను తెలివితక్కువదనుకుంటారేమోనని. అసలు భయపడాల్సింది దీనికి. ఆ పది మంది నన్ను నమ్మి పాసుబుక్కు చేతికిచ్చినవాళ్లు.

రెండు రోజుల తర్వాత దుకాణం యజమాని సేటుకు చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఫోన్ చెయ్ బిడ్డా, ఓటీపీ అని ఎవడన్న అడిగితే చెప్పొద్దని అందరికి చెప్పు" అన్నాడు. పది మందికీ నేనే ఫోన్ చేసి జరిగింది చెప్పి క్షమించమన్నాను. పర్వతగిరి నుంచి ఒక పెద్దాయన "నువ్వే చేసి చెప్పినవ్, అదే చాలు బిడ్డా" అన్నాడు. ఆ మాటకు ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు గుండె బరువుగా ఉండింది. ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. కానీ అది నా జాగ్రత్త వల్ల కాదు, వేరొకరి జాగ్రత్త వల్ల.

మళ్లీ ఆ రాత్రికి వస్తాను. తీసేశానని చెప్పగానే ఆ మనిషి ఇలా రాశారు: "మంచిది. ఇప్పుడు మీ చేత్తో ఉత్తుత్తి ఫైలు ఒకటి చేయండి. నిజం పేర్లు, నంబర్లు వద్దు. ఎంత చిన్నదైతే అంత మంచిది. కానీ అదే ఎర్రర్ రావాలి." వాళ్ల భాషలో దీన్ని మినిమల్ రీప్రొడ్యూసిబుల్ ఎగ్జాంపుల్ అంటారు. అదే తప్పును మళ్లీ చూపించే అతి చిన్న ముక్క అన్నమాట. నేను "సర్, చిన్న ఫైలుతో ఎర్రర్ రావడం లేదు. కవిత, సరిత, గీత అని పెడితే నడుస్తుంది" అన్నాను. "అదే అసలు ఆధారం. నడిచే ఫైలుకూ నడవని ఫైలుకూ తేడా ఏమిటో వెతకండి. సగం తీసేసి చూడండి. ఇంకా ఎర్రర్ వస్తే మళ్లీ సగం. ఇంకో మాట, ఇక్కడ సర్ అక్కర్లేదు, అందరం నేర్చుకునేవాళ్లమే."

212 వరుసల్లో సగం తీసేస్తే 106. ఎర్రర్ వచ్చింది. 53. వచ్చింది. 27, 14, 7, 4, 2. ప్రతిసారీ వచ్చింది. ఎనిమిదోసారికి ఒక్క వరుస మిగిలింది. ఊరు తీసేశాను, తూకం తీసేశాను. చివరికి ఒక్క పేరునే కొత్త నోట్‌ప్యాడ్ ఫైలులో కొట్టాను: మల్లయ్య. ఎర్రర్ వచ్చింది. 8డి బైట్, స్థానం 8 అని చూపించింది. అంటే ఫైలు పెద్దదవడం కాదు. ఆ ఒక్క పేరే ప్రోగ్రామ్‌ను ఆపేస్తోంది.

తర్వాత ఎందుకు చేశానో తెలియదు, పేరులోంచి వత్తులు తీసేసి చూశాను. మలయ. నడిచింది! రాజు అని పెట్టాను. ఆగింది, కానీ ఈసారి 81 బైట్ అన్నది. రాజ అని పెట్టాను. నడిచింది. పద్మ, ఆగింది, 8డి. సుమ, ఆగింది, 81. అప్పుడు కాక చూపించిన కాగితం గుర్తొచ్చింది. నల్ల ప్రశ్న గుర్తులు పడ్డవన్నీ వత్తులున్న చోట్లే, కొమ్ములున్న చోట్లే. కవిత, సరిత, గీతల్లో వత్తు లేదు, కొమ్ము లేదు. అందుకే నడిచాయి.

టైము రెండయింది. అవతలి గదిలో టీవీలో శివుడి పాటలు. నేను ఇలా రాశాను: "నా భాషలో రెండు గుర్తులున్నాయి. ఒకటి ఒక హల్లును ఇంకో హల్లు కింద వత్తుగా కలిపేది. రెండోది ఉ శబ్దానికి పెట్టే కొమ్ము. పేరులో మొదటిది ఉంటే 8డి దగ్గర ఆగుతోంది, రెండోది ఉంటే 81 దగ్గర ఆగుతోంది. రెండూ లేకపోతే ఆగదు." దాని కింద రెండు ఫైళ్లు పెట్టాను. ఒక్కో దాంట్లో ఒక్కో పేరు.

అవతల మనిషికి తెలుగు ఒక్క అక్షరం రాదు. కానీ ఆ మెసేజ్ చూసి ఎంత సంబరపడ్డారో! మూడు నిమిషాల్లో మొత్తం విడమరిచారు. మనం కొట్టే తెలుగు ఫైలులోకి యూటీఎఫ్-8 అనే పద్ధతిలో వెళ్తుంది. అందులో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు. మల్లయ్య అంటే మనకు మూడు అక్షరాలు. కంప్యూటర్ లెక్కలో మ, ల, పొల్లు (వత్తును కలిపే గుర్తు), ల, య, పొల్లు, య అని 7 గుర్తులు, అంటే 21 బైట్లు. నేను ఏ పద్ధతో చెప్పకుండా ఫైలు తెరిచాను కాబట్టి నా విండోస్‌లో పైథాన్ దాన్ని 1252 అనే పాత పట్టికతో చదివింది. ఆ పట్టికలో ఒక్కో బైట్‌కు ఒక్కో పాశ్చాత్య అక్షరం. నేను ఫాంట్ సమస్య అనుకున్న పిచ్చి అక్షరాలు అవే. అయితే ఆ పట్టికలో ఐదు గళ్లు ఖాళీ: 81, 8డి, 8ఎఫ్, 90, 9డి. మన పొల్లుకు మూడో బైట్ 8డి. కొమ్ముకు మూడో బైట్ 81. ఖాళీ గడిలో చెయ్యి పెడితే ఏమీ దొరకక పైథాన్ ఆగిపోతోంది.

స్థానం 8 అని ఎందుకు చూపించిందో కూడా అప్పుడే తెలిసింది. లెక్క సున్నా నుంచి మొదలు. సున్నా నుంచి 2 దాకా మ, 3 నుంచి 5 దాకా ల, 6 నుంచి 8 దాకా పొల్లు. ఎర్రర్ మొదటి రోజు నుంచీ పొల్లు మీద వేలు పెట్టి చూపిస్తూనే ఉంది. నాకే చదవడం రాలేదు.

ఫైలు తెరిచే చోట ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఒక్క మాట చేర్చమన్నారు. చేర్చాను. ఇగ్నోర్ తీసేశాను. 212 పేర్లూ వచ్చాయి. రాయించిన ఫైలు తెరిస్తే మల్లయ్య మల్లయ్యగానే ఉన్నాడు, వత్తుతో సహా. అమ్మను పిలిచి చూపించాను. "ఇందులో ఏముందే?" అన్నది కానీ నా మొహం చూసి నవ్వింది. ప్రశ్న పెట్టినప్పటి నుంచి 2 గంటల 44 నిమిషాలు. అందులో నేను ఫైలు కోస్తూ కూర్చున్నదే దాదాపు రెండు గంటలు. ఆ మనిషి పైసా అడగలేదు. పేరు స్థానంలో ఏదో పక్షి పేరుంది. ఎవరో ఏ దేశమో ఇప్పటికీ తెలియదు.

మర్నాడు తీరిక దొరికినప్పుడు తెలుగు యూనికోడ్ పట్టిక (ఒక్కో అక్షరానికి కంప్యూటర్ వాడే అంకెల జాబితా) ముందు పెట్టుకుని మిగిలిన ఖాళీ గళ్లలో ఏమేం పడతాయో చూశాను. 8ఎఫ్‌కు ఏ, 90కి ఐ, 9డికి ఝ. మా దగ్గర ఐనవోలు మల్లన్న పేరు మీద ఐలయ్యలు, ఐలమ్మలు ఇంటికొకరు. ఐలయ్య పేరైతే మొదటి అక్షరానికే ఆగిపోయేదన్నమాట.

మార్చి 2, ఆదివారం ఇంకో ఎర్రర్. అప్పటిదాకా పేరు, తూకం మాత్రమే తీసుకున్నాను. ఇప్పుడు మొదటి కాలమ్‌లోని వరుస సంఖ్య కూడా కావాలని అడిగితే అలాంటి కాలమ్ లేదని కీ ఎర్రర్ వచ్చింది. ఎక్సెల్‌లో కళ్లకు కనిపిస్తూనే ఉంది. ఈసారి గాభరా పడలేదు. ముందు చిన్న ఫైలు చేశాను. నోట్‌ప్యాడ్‌లో చేస్తే ఎర్రర్ లేదు. అవే అక్షరాలు ఎక్సెల్ నుంచి సేవ్ చేస్తే ఎర్రర్ వస్తోంది. డిస్కార్డ్‌లో అదే చోట నేను రాసిన ప్రశ్న మొత్తం ఇది: "రెండు ఫైళ్లు చూడటానికి ఒకేలా ఉన్నాయి. నోట్‌ప్యాడ్‌లో చేసినది నడుస్తుంది, ఎక్సెల్‌లో సీఎస్‌వీ యూటీఎఫ్-8గా సేవ్ చేసినది మొదటి కాలమ్ దగ్గర కీ ఎర్రర్ ఇస్తుంది. రెండో కాలమ్‌కు ఏ ఇబ్బందీ లేదు. కోడ్ 5 లైన్లు, ఎర్రర్ కింద ఉంది. పేర్లు నిజమైనవి కావు." జవాబుకు పట్టింది 9 నిమిషాలు. ఎక్సెల్ అలా సేవ్ చేసేటప్పుడు ఫైలు మొదట్లో కంటికి కనిపించని ఒక గుర్తు పెడుతుంది. దాన్ని బీఓఎమ్ అంటారు. అది మొదటి కాలమ్ పేరుకు అతుక్కుపోతుంది. కాలమ్ పేర్ల జాబితా ప్రింట్ చేసి చూడమన్నారు. చూస్తే ముందు నిజంగానే ఏదో తోక ఉంది. యూటీఎఫ్-8 బదులు యూటీఎఫ్-8-సిగ్ అని పెడితే పోయింది.

ఏప్రిల్‌లో ఒక రాత్రి అదే చోట కర్ణాటక విద్యార్థి ఒకతను 8డి ఎర్రర్‌తో వచ్చాడు. అతనూ ఫొటోయే పెట్టాడు, అతనూ అర్జెంట్ అనే రాశాడు. కన్నడ పేర్లలో వత్తులున్నాయా అని అడిగాను. మన భారతీయ లిపులు చాలావాటికి యూనికోడ్‌లో పొల్లు దాని దాని పట్టికలో ఒకే స్థానంలో వస్తుంది. తెలుగైనా కన్నడమైనా హిందీ అయినా మూడో బైట్ 8డియే. ఫొటో బదులు అక్షరాలు పెట్టమని, నిజం పేర్లు వద్దని కూడా చెప్పాను, కానీ ముందు జవాబు చెప్పి తర్వాత. ఆ వరుస నాకు ముఖ్యమనిపించింది.

దుకాణంలో ఇప్పుడు ప్రోగ్రామ్ రోజూ నడుస్తోంది. అయితే మొత్తాలు తీసిన మొదటి రోజే ఇంకో సంగతి బయటపడింది. నేనే ఒకచోట మల్లయ్య అని, ఒకచోట మల్లయ అని కొట్టాను. ఒకే మనిషి ఇద్దరయ్యాడు. ఇంకోచోట గీసుగొండ ఐలయ్యలిద్దరు ఒక్కరైపోయారు. ఇది ఏ గ్రూపులో అడిగినా తెలిసేది కాదు. అనుమానం ఉన్న పేర్లన్నీ ఏరితే 31 జంటలు తేలాయి. ప్రింట్ తీసి కాక ముందు పెట్టాను. ఎర్ర పెన్ను పట్టుకుని ఒక్కో జంట చూసుకుంటూ పోయాడు. "ఈయన, ఈయన ఒక్కరే. సంగెం మల్లయ్య. వీళ్లు వేరు బిడ్డా, ఒకాయన పెద్ద ఐలయ్య, ఈయన ఆయన తమ్ముని కొడుకు." పావుగంటలో 30 జంటలు అయిపోయాయి. పందొమ్మిదో జంట దగ్గర మాత్రం ఆగి, పెన్ను చెవిలో పెట్టుకుని, "ఇది నాకూ యాదికి లేదు. ఈయన మళ్ల మాల్ తెచ్చినప్పుడు అడుగుదాం" అన్నాడు. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.